పచ్చి

బ్రాడీపేట నాలుగో లైన్లో మా మెస్సుకి
నలభై రోజులు భోజనానికొచ్చాడు మోరిటా.
మిరపకాయల్లో తాలు ఏరే యంత్రం బిగించడానికి
ఎక్కడో కుమమోటో నుంచి
నరసరావుపేట రోడ్డు మిల్లులో దిగినవాడు.
మొదటి ముద్దకే కళ్ళు, ముక్కు, చెవులు
మూడూ కారాయి.
చెవులు కారడం నేను చూళ్ళేదు గానీ, కారే ఉంటాయి.

మూడోవారం, వాన వెలిసిన రాత్రి,
చెయ్యి కడుక్కొచ్చి ఫోను చూపించాడు.
తెల్ల పళ్ళెంలో ఎర్రటి రేకులు,
రేకు మీద రేకు, పక్కన తురిమిన అల్లం.
ఏం పువ్వయ్యా ఇది, అన్నాను.
ఆ ఫోనే తెలుగులో బదులిచ్చింది
రైల్వే స్టేషను గొంతుతో:
"దీనిని పువ్వు పేరుతో పిలుస్తారు. ఇది గుర్రం. పచ్చిది."

సాంబారు గిన్నెలో గరిటె వదిలేశాను.

మా నాయన జట్కా సైదులు.
ఈ ఊరికి పురుటికొచ్చిన ఆడపిల్లలు ఎంతమందో
ఆయన బండిలో గడ్డి మీద కూర్చునే
పుట్టింటి గడప చేరారు.
మా గుర్రానికీ పువ్వు పేరే, చేమంతి.
పీర్ల పండక్కి దాని జూలు పాయలు తీసి
రిబ్బన్లు పెట్టి అల్లేదాన్ని, స్టూలెక్కి.

మోరిటా ఇంకో ఫొటో తోశాడు.
ఎర్ర ముక్క పక్కన తెల్ల ముక్క.
జూలు కింది కొవ్వంట.
రెండూ కలిపి నోట్లో పెట్టుకోవాలంట.

ఆ రాత్రంతా నా వేళ్ళకి
వెంట్రుకలు తగులుతూనే ఉన్నాయి.

పొద్దున్నే సుభాని కొట్టుకెళ్ళి అడిగాను.
"కోణ్ణి కూడా తింటారంట అబ్బాయా,
వాళ్ళావిడ ఊరు కగోషిమాలో
తోలుకి మంట చూపించి, లోపలికి పోనివ్వరంట."
సుభాని మొద్దు మీద కత్తి గుచ్చి నవ్వాడు.
"నా కోణ్ణి అట్లా తిని చూడు పిన్నీ,
తెల్లారేసరికి పెద్దాసుపత్రే."
కాసేపు ఈకలు ఊడ్చి, మళ్ళీ తనే అన్నాడు:
"అయితే ఆ కోసేవోణ్ణి
ఎంత నమ్ముతారో చూడు.
పాతికేళ్ళుగా కోస్తున్నా,
నన్నెవరూ అంత నమ్మలా."

పచ్చి అంటే మనకీ తెలుసు.
పుండు పచ్చిదైతే ఊదుకుంటాం,
బాలింత పచ్చిదైతే గాలి తగలనివ్వం,
నిజం పచ్చిదైతే
తాలింపు పెట్టిగాని వాకిట్లోకి పంపం.

ఆటోలొచ్చిన ఏడు
నాయన చేమంతిని తోలుకెళ్ళి
ఒట్టి కళ్ళెంతో తిరిగొచ్చాడు.
చీరాల వాళ్ళకి ఇచ్చానన్నాడు.
చీరాలలో ఎవరికి అని అమ్మ అడగలా.
ఆ నెలంతా సన్నబియ్యం తిన్నాం.
నేను రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

ఆదివారం పొయ్యి వెలిగించకుండా
మోరిటాకి ఒకటి చేశాను.
చింతపండు పిసికి, ఉల్లిపాయ నలిపి,
పచ్చిమిరపకాయ తుంచి, బెల్లం, ఉప్పు, కొత్తిమీర.
స్టీలు గ్లాసులో పోసిచ్చాను.
పచ్చిపులుసు, అన్నాను ఫోనుకి.
అది ఏమని చెప్పిందో,
గ్లాసులోకి చాలాసేపు చూశాడు,
ముక్క కోసం వెతుకుతున్నట్టు.
తాగాడు. దగ్గాడు. మళ్ళీ గ్లాసు చాచాడు.

వెళ్ళిపోయే రోజు లెక్క కట్టించుకుని
గల్లాపెట్టె వెనక ఫొటో దగ్గర ఆగాడు.
నాయన మొహం సగం చెమ్మ తినేసింది.
చేమంతి మాత్రం నిండుగా ఉంది,
కళ్ళకి గంతలు, నుదుటి మీద కుచ్చు.
చేతులు తొడలకి ఆనించి నడుం వంచాడు.
నాయనకి కాదు.
వందల కాయల్లో ఒక తాలుకాయని పట్టే చూపు,
ఎటు నిలిచిందో నాకు కనపడింది.
ఏదో అన్నాడు, రెండు మాటలు.
ఫోను వంటింట్లో చార్జింగు పెట్టుంది.
తెమ్మంటావా, అని నేనడగలా.